వెన్నుదన్ను లేని యుద్ధం

యుద్ధం ఆగాక – 7వ భాగం

గత భాగాన్ని 1945 మే 8 అర్ధరాత్రి దగ్గర ఆపాం. బెర్లిన్ శివారు కార్ల్స్‌హోర్స్ట్‌లో జర్మన్ సేనాపతులు లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేశారు. లండన్‌లోనూ పారిస్‌లోనూ మాస్కోలోనూ జనం వీధుల్లోకొచ్చి పండగ చేసుకున్నారు. ఐరోపాలో యుద్ధం ఎప్పుడు ముగిసిందంటే బడి పుస్తకాలు ఇప్పటికీ చెప్పేది ఆ తేదీనే.

ఎనిమిది రోజులు గడిచాయి. మే 16న దక్షిణ లిథువేనియాలో, సిమ్నాస్ పట్నానికి దగ్గర్లోని కల్నిష్కే అడవిని సోవియట్ అంతర్గత భద్రతా దళాలు చుట్టుముట్టాయి. లోపల ఉన్నది ఎనభై మంది కంటే ఎక్కువ లేరు. ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల రైతుబిడ్డలు. వాళ్ళ నాయకుడు యోనాస్ నేఫాల్తా, పాత లిథువేనియా సైన్యంలో అధికారి. అడవిలో ఆయన్ని ‘లకూనాస్’ అనేవాళ్ళు, అంటే వైమానికుడు. భార్య అల్బీనా కూడా ఆయనతోనే ఉంది. గుట్ట మీద చేరి గంటల తరబడి కాల్పులు జరిపారు. మందుగుండు అడుగంటుతుండగా వలయంలో ఒకచోట దారి తెంపుకుని కొందరు బయటపడ్డారు. నలభై నలుగురు అక్కడే నేలకొరిగారు. మెషిన్ గన్ పట్టి పోరాడిన అల్బీనా వాళ్ళలో ఒకరు. నేఫాల్తా ఆ రోజు ప్రాణాలతో తప్పించుకున్నాడు గానీ ఆ సంవత్సరం నవంబరు దాటలేదు.

కల్నిష్కే ఏదో మిగిలిపోయిన చిన్న కొట్లాట కాదు. దానికి ముందే మొదలైన ఒక యుద్ధం ఆ తర్వాత మరో ఎనిమిదేళ్ళు సాగింది. లిథువేనియాలో యాభై వేలమంది దాకా ఏదో ఒక దశలో ఆయుధం పట్టి అడవిలో బతికారు. ఇరవై వేలమందికి పైగా చనిపోయారు. ఆ దేశం మొత్తం జనాభా అప్పట్లో మన ఉమ్మడి నల్గొండ జిల్లా ఇవాళ్టి జనాభాకన్నా తక్కువ. పక్కనే ఉన్న లాత్వియా, ఎస్తోనియాల్లోనూ ఇలాంటి దళాలుండేవి. మూడు దేశాల్లోనూ వాళ్ళకి నిలిచిన పేరు అడవి అన్నలు.

వాళ్ళు అడవికెందుకు వెళ్ళారో తెలియాలంటే ఐదారేళ్ళు వెనక్కి పోవాలి. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందానికి ఒక రహస్య అనుబంధం ఉంది. తూర్పు ఐరోపాలో ఎవరి వాటా ఎంతవరకో అందులో రాసుకున్నారు. నెల తిరిగేసరికి చేసుకున్న సవరణతో లిథువేనియా స్టాలిన్ వాటాకి వెళ్ళింది. 1940 జూన్ 15న ఎర్రసైన్యం సరిహద్దు దాటి లోపలికొచ్చింది. ప్రభుత్వం ఎదురు నిలవలేదు, సైన్యానికి ఎదిరించమన్న ఉత్తర్వు రాలేదు. ఆగస్టుకల్లా దేశం సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్ అయిపోయింది. చేతిలో ఆయుధముండి కూడా ఊరుకున్నామన్న బాధ ఆ తరం సైనికాధికారుల్ని జీవితాంతం వెంటాడింది. తర్వాత అడవిలో నాయకత్వం వహించినవాళ్ళలో చాలామంది ఆ తరంవాళ్ళే.

1941 జూన్ 14న మొదలై కొద్ది రోజుల్లో పదిహేడు వేలమందిని పశువుల వ్యాగన్లకెక్కించి సైబీరియా వైపు పంపేశారు. మాజీ అధికారులు, బడిపంతుళ్ళు, ఓ మోస్తరు భూమి ఉన్న రైతులు, వాళ్ళ భార్యాపిల్లలు. అందులో యూదు కుటుంబాలూ ఉన్నాయి. ఆ తర్వాత వారం తిరగకుండానే జర్మన్లు దాడిచేశారు. కొత్త దురాక్రమణదారుణ్ణి విముక్తిదాతగా చూసిన వాళ్ళు తక్కువమందేమీ కాదు.

ఇక్కడొక విషయం దాచకుండా చెప్పుకోవాలి. జర్మన్లు ఉన్న మూడేళ్ళలో లిథువేనియా యూదుల్లో నూటికి తొంభై మందికి పైగా, అంటే దాదాపు రెండు లక్షలమంది, హత్యకు గురయ్యారు. గోతుల అంచున నిలబెట్టి కాల్చినవాళ్ళలో లిథువేనియన్లు కూడా ఉన్నారు. ఆ చేతుల్లో కొన్ని తర్వాత అడవి అన్నల తుపాకులూ పట్టాయి. యుయోజాస్ క్రిక్‌ష్తపోనిస్ అనే దళనాయకుడికి ఉక్మెర్గే పట్నంలో స్మారకం కట్టి గౌరవించారు. 1941లో బెలారూస్‌లో యూదుల్ని ఊచకోత కోసిన పోలీసు బెటాలియన్‌లో ఆయన అధికారిగా ఉన్నాడని లిథువేనియా ప్రభుత్వ పరిశోధన సంస్థే తర్వాత తేల్చింది. అడవికి వెళ్ళిన ప్రతి ఒక్కరూ హంతకులేనని సోవియట్ ప్రచారం దశాబ్దాల పాటు ఊదరగొట్టింది. అది అబద్ధం. 1945లో అడవిలో ఉన్నవాళ్ళలో అత్యధికులు యుద్ధకాలంలో పసితనం వీడని పల్లె కుర్రాళ్ళు. కానీ ఒక్కరూ లేరనడం కూడా అబద్ధమే. ఈ రెండు నిజాల్ని పక్కపక్కన పెట్టుకోకుండా ఈ చరిత్ర రాస్తే అది సగం చరిత్రే అవుతుంది.

1944 జులైలో ఎర్రసైన్యం తిరిగొచ్చింది. వస్తూనే నిర్బంధ సైనిక భర్తీ ప్రకటించింది. వయసొచ్చిన కుర్రాడి ముందున్న దారులు రెండే: తనది కాని సైన్యంలో చేరి జర్మన్ ఫిరంగుల ముందుకు పోవడం, లేదంటే ఇంటి వెనకున్న అడవిలోకి పోవడం. పట్టుబడిన వాళ్ళని కాల్చేస్తున్నారని, ఇళ్ళు తగలబెడుతున్నారని వార్తలు వచ్చేకొద్దీ దాక్కున్నవాళ్ళు ఆయుధాలు వెతుక్కున్నారు. ఓడిపోయి వెళ్ళిన జర్మన్ సైన్యం వదిలేసినవి, పాత సైన్యం దాచినవి పొలాల్లోనే దొరికేవి. 1945 వేసవికి అడవుల్లో ముప్ఫై వేలమంది ఉన్నారు.

ఇంత పెద్ద శత్రువుతో గెలుస్తామని వాళ్ళెలా అనుకున్నారు? ఒంటరిగా గెలుస్తామని వాళ్ళెన్నడూ అనుకోలేదు. 1941 ఆగస్టులో రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి ప్రకటించిన అట్లాంటిక్ చార్టర్ వాళ్ళకి కంఠతా వచ్చు. బలవంతంగా స్వాతంత్ర్యం కోల్పోయిన జాతులకి దాన్ని తిరిగి ఇప్పించాలని అందులో ఉంది. బాల్టిక్ దేశాల విలీనాన్ని గుర్తించబోమని అమెరికా 1940 జులైలోనే అధికారికంగా ప్రకటించింది. ఆ మాట మీద యాభై ఏళ్ళు నిలబడింది కూడా. అంచేత అమెరికాకీ రష్యాకీ యుద్ధం రేపో మాపో తప్పదని, అది వచ్చేదాకా నిలదొక్కుకుంటే చాలని అడవిలో ప్రతి ఒక్కరూ నమ్మారు. కాగితం మీది గుర్తింపుకీ సరిహద్దు దాటొచ్చే సైన్యానికీ ఎంత దూరమో తెలిసే సమయానికి వాళ్ళలో సగంమంది లేరు.

కల్నిష్కే లాంటి ముఖాముఖి పోరాటాలు ఏడాదిన్నరలోనే అసాధ్యమయ్యాయి. వందమంది ఒకచోట ఉంటే పొగ కనబడుతుంది, తిండి సరిపోదు. దళాలు విడిపోయాయి. ముగ్గురు, నలుగురు, ఐదుగురు ఒక జట్టు. ఇల్లు భూమి లోపల. గాదె కింద, పశువుల కొట్టం కింద, బావి లోపలి గోడలో, వంటింటి పొయ్యి అడుగున, ఏటి గట్టులో రహస్యపు గుంతలు తవ్వారు. తవ్విన మట్టిని రాత్రికి రాత్రే ఏట్లో కలిపేవాళ్ళు, లేకపోతే పొద్దున్నే కొత్తమట్టి పట్టిస్తుంది. అడవిలో తవ్విన వాటికి మూతగా ఒక పెట్టె, పెట్టెలో మట్టి, మట్టిలో బతికున్న దేవదారు మొక్క. లోపల నిటారుగా నిలబడితే తల తగిలేంత ఎత్తు. గాలి చాలక కిరోసిన్ దీపం కొడిగట్టేది. చలికాలం నెలల తరబడి అందులోనే పడుకునేవాళ్ళు, ఎందుకంటే మంచు మీద పడిన అడుగు ఇంటి దాకా దారి చూపిస్తుంది. అలాంటి చోట కూర్చుని టైపు కొట్టారు, చేత్తో తిప్పే యంత్రం మీద పత్రికలు అచ్చు వేశారు. ‘స్వాతంత్ర్య గంట’ లాంటి పేర్లతో పదుల కొద్దీ రహస్య పత్రికలు వచ్చాయి. వాటిని రొట్టెల బుట్ట అడుగున పెట్టుకుని ఊరూరికీ మోసింది ఎక్కువగా ఆడపిల్లలే.

ఈ యుద్ధంలో నన్ను ఎక్కువగా కలచివేసేది కాల్పులు కాదు, కాల్పులు ఆగాక పట్నం కూడలిలో జరిగిన తంతు. చంపిన అడవి అన్నల శవాల్ని బండిమీద తెచ్చి చర్చి ఎదుట గానీ మిలీషియా కార్యాలయం ముందు గానీ రాళ్ళ మీద పరిచేవాళ్ళు. బూట్లు అప్పటికే ఎవరో లాగేసుకుని ఉండేవాళ్ళు. ఒక్కోసారి బట్టలు కూడా ఉండేవి కావు. సంతకొచ్చే జనమంతా ఆ పక్కనుంచే నడవాలి. భద్రతాధికారుల కళ్ళు శవాల మీద ఉండవు, నడిచేవాళ్ళ ముఖాల మీద ఉంటాయి. ఎవరు ఆగారు, ఎవరి పెదవి వణికింది, ఏ తల్లి తల తిప్పుకుంది? ఒక్క కన్నీటి చుక్క రాలితే చచ్చిపోయినవాడి ఊరు, పేరు తేలిపోతాయి. ఆ రాత్రికే ఆ ఇంటికి లారీ వస్తుంది. కొడుకు శవాన్ని దాటుకుంటూ, పరాయివాణ్ణి చూసినట్టు చూసి, చేతిసంచీతో ముందుకి సాగిపోయిన తల్లులు ఎంతమందో. ఆ శవాల్ని తర్వాత పాడుబావుల్లోనో పేడగుంటల్లోనో పడేసేవాళ్ళు. సమాధి ఉంటే దాని మీద పూలు పడతాయి గనక.

అందుకే గుంతలో చిక్కుకున్నవాడు చివరి గ్రెనేడ్‌ని ముఖానికి దగ్గరగా పట్టుకుని పేల్చుకునేవాడు. ముఖం గుర్తుపట్టకుండా ఉంటే ఇంట్లోవాళ్ళు బతుకుతారని.

ఇటు రాజ్యం ఊరికే కూర్చోలేదు. తన సేనలకి తోడు స్థానికుల్ని పోగేసి సాయుధ దళాలు పెట్టింది. జనం వాళ్ళని ‘స్త్రిబాయ్’ అని పిలిచేవాళ్ళు. సైనిక భర్తీ తప్పించుకోవడానికి చేరినవాళ్ళు, బీదలు, ఊళ్ళో పాత కక్షలున్నవాళ్ళు, కొత్త వ్యవస్థని నిజంగానే నమ్మినవాళ్ళు అందులో ఉన్నారు. దీంతో బయటివాడి మీద మొదలైన యుద్ధం చాలా పల్లెల్లో ఇంటి పక్కవాడి మీద యుద్ధంగా మారింది. అంతకంటే పెద్ద ఆయుధం వేగులు. పట్టుబడ్డ అడవి అన్నల్ని చిత్రహింసలతో లొంగదీసి, మళ్ళీ అడవి అన్నల వేషంలోనే పల్లెల మీదికి పంపేవాళ్ళు. తలుపు తట్టినవాడు మనవాడో పగవాడో రైతుకి తెలిసే మార్గం లేకుండా పోయింది.

వేగుల్లో యుయోజాస్ మార్కులిస్ కథ అన్నింటికన్నా భయంకరమైనది. చదువుకున్న వైద్యుడు. 1946లో దళాల పైస్థాయి నాయకత్వంలోకి చొచ్చుకెళ్ళాడు. విడివిడిగా ఉన్న దళాలన్నిటినీ ఏకం చేస్తానన్నాడు. రక్తపాతం తగ్గిద్దామని, కుర్రాళ్ళు దొంగ కాగితాలతో నగరాల్లో స్థిరపడొచ్చని, అందుకు ఫొటోలు, వివరాలు ఇమ్మని అడిగాడు. చాలామంది ఇచ్చారు. ఆ ఫొటోలన్నీ సోవియట్ భద్రతా శాఖ ఫైళ్ళలోకి చేరాయి. అక్కడ ఆయన మారుపేరు ‘ఓక్’. నాయకులందర్నీ 1947 జనవరిలో ఒకే చోట సమావేశపరచాలన్నది అతని పన్నాగం. సరిగ్గా దానికి ముందు యుయోజాస్ లుక్షా అనే యువకుడికి అనుమానం వచ్చి కూపీ లాగడంతో గుట్టు బయటపడింది. మార్కులిస్‌కి ఏమీ కాలేదు. అతను తర్వాత విల్నియస్‌లో వైద్య విద్యార్థులకి పాఠాలు చెప్పాడు.

ఇంత చేసినా 1948 నాటికి అడవి ఖాళీ కాలేదు. చనిపోయినవాడి స్థానంలోకి అతని తమ్ముడు వచ్చేవాడు. కారణం మాస్కోకి తెలుసు. అడవి అన్నల్ని బతికిస్తున్నది అడవి కాదు, అడవి అంచునున్న రైతు వంటిల్లు. పొలాల మధ్య విడివిడిగా ఒంటరి ఇళ్ళు కట్టుకోవడం లిథువేనియా రైతుల అలవాటు. రాత్రిపూట ఆ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. రై రొట్టె, ఉప్పు వేసి ఎండబెట్టిన పంది మాంసం, బంగాళాదుంపలు, ఒక జత పొడి మేజోళ్ళు చేతులు మారతాయి. ఆ రైతు మీద అప్పటికే ప్రభుత్వపు లెవీ భారం ఉంది. అది కట్టాక మిగిలిన దాంట్లోంచే ఇది.

దాంతో గురి రైతు మీదికి మళ్ళింది. 1948 మే 22, 23 తేదీల్లో ‘వసంతం’ అన్న రహస్య పేరుతో నడిపిన చర్యలో లిథువేనియా నుంచి నలభై వేలమందిని కుటుంబాలకి కుటుంబాలు రైళ్ళకెక్కించారు. వాళ్ళలో పదివేలమందికి పైగా పిల్లలు. ఇర్కుత్స్క్, క్రస్నొయార్స్క్ ప్రాంతాల్లో కలప నరికే శిబిరాలకి చేర్చారు. మరుసటి ఏడాది మార్చి చివర్లో మూడు బాల్టిక్ దేశాల నుంచీ కలిపి తొంభై వేలమందికి పైగా వెళ్ళారు. 1941 నుంచి 1952 దాకా మొత్తం లెక్క చూస్తే ఒక్క లిథువేనియా నుంచే ఇలా తరలిపోయినవాళ్ళు దాదాపు లక్షా ముప్ఫై వేలు. ఇంట్లో ఒకడు అడవిలో ఉంటే చాలు, లేదా ఆ ఇంటి భూమి ఊళ్ళో సగటుకన్నా కాస్త ఎక్కువుంటే చాలు.

రైలు ఎక్కనివాళ్ళు సమష్టి వ్యవసాయ క్షేత్రంలో చేరుతూ సంతకం పెట్టారు. 1949 మొదట్లో సమష్టి క్షేత్రాల్లో ఉన్న కమతాలు నూటికి ఐదైనా లేవు. 1951 వచ్చేసరికి నూటికి దాదాపు తొంభై. ఆవు పోయింది, గుర్రం పోయింది, గాదె తాళంచెవి సమష్టి క్షేత్రం అధ్యక్షుడి జేబులోకి వెళ్ళింది. అర్ధరాత్రి తలుపు తట్టినవాడికి పెట్టడానికి రైతు దగ్గర ఏమీ మిగల్లేదు. లిథువేనియా యుద్ధానికి తీర్పు పడింది ఇక్కడేనని నా నమ్మకం. తుపాకులతో ఐదేళ్ళలో సాధించలేనిది ఆ రెండేళ్ళలో రైలు వ్యాగన్లూ సమష్టి క్షేత్రాలూ సాధించాయి.

ఈ చీకట్లోనే ఆ ఉద్యమం తన రాజకీయ శిఖరాన్ని అందుకుంది. 1949 ఫిబ్రవరిలో, రాద్విలిష్కిస్‌కి దగ్గరలోని మినైచియై అనే ఊళ్ళో, ఒక రైతు పెరట్లోని గాదె కింద తవ్విన గుంతలో దేశం నలుమూలల నుంచి దళాల ప్రతినిధులు ఒక మండలిగా సమావేశమయ్యారు. మంచులో, గూఢచారుల మధ్య వారాల తరబడి నడిచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఫిబ్రవరి 16 వాళ్ళకి 1918 నాటి స్వాతంత్ర్య ప్రకటన దినం. ఆ రోజున ఎనిమిదిమంది ఒక ప్రకటన మీద సంతకం చేశారు. విముక్తి తర్వాత ప్రజాస్వామ్య గణతంత్రం ఉంటుందని, ఎన్నికలు జరుగుతాయని, పౌరులందరికీ సమాన హక్కులని, అప్పటిదాకా దేశానికి చట్టబద్ధమైన అధికారం తమ మండలిదేనని అందులో రాశారు. మండలి అధ్యక్షుడు యోనాస్ జెమైతిస్. ఫ్రాన్స్‌లోని ఫోంటెన్‌బ్లోలో చదివిన ఫిరంగిదళ అధికారి. సంతకం చేసిన ఎనిమిది మందిలో నలుగురు ఆ ఏడాది తిరక్కుండానే చనిపోయారు. వాళ్ళలో బ్రోనియస్ లియేసిస్ అనే కవి ఒకరు. 1957 ముగిసేసరికి ఎనిమిదిమందిలో ఒక్కరూ మిగల్లేదు.

మార్కులిస్ గుట్టు రట్టు చేసిన లుక్షా సంగతి చెప్పుకోవాలి. 1947 డిసెంబరులో ఒక సహచరుడితో కలిసి, కాల్పుల మధ్య సరిహద్దు దాటి, పోలండ్ మీదుగా పశ్చిమ దేశాలకి చేరాడు. పోపుకి రాసిన ఉత్తరం, సైబీరియాకి పోయినవాళ్ళ వివరాలు అతని దగ్గరున్నాయి. పారిస్‌లో ఉంటూ తాము చేస్తున్న పోరాటం గురించి పుస్తకం రాశాడు. 1950 జులైలో నియోలే బ్రజేనైతేని పెళ్ళి చేసుకున్నాడు. మూడు నెలలు నిండకముందే, అక్టోబరులో, అమెరికన్ గూఢచార సంస్థ విమానం నుంచి పారాచ్యూట్‌తో స్వదేశంలో దిగాడు. తిరిగి వెళ్తే చావు తప్పదని అతనికి తెలియదనుకోలేం. అటు బ్రిటిషు వాళ్ళు సముద్రం మీంచి వేగంగా వెళ్ళే పడవల్లో మనుషుల్ని పంపుతూ వచ్చారు. అలా దిగినవాళ్ళని తీరంలో కలుసుకున్న దళాల్లో ఎక్కువ భాగం సోవియట్ గూఢచారులు నడిపినవే. పశ్చిమం నుంచి అందిన సాయం అంతటితో సరి. 1951 సెప్టెంబరు 4న, తనలాగే పారాచ్యూట్‌తో దిగి పట్టుబడి లొంగిపోయిన మనిషి పిలిస్తే వెళ్ళి, మాటువేసిన సైనికుల తూటాలకి లుక్షా చనిపోయాడు.

తెలుగువాళ్ళకి దగ్గరగా తగిలే ఒక సంగతి లుక్షా తిరిగి దిగడానికీ చనిపోవడానికీ మధ్య నెలల్లోనే జరిగింది. 1951 ఫిబ్రవరిలో భారత కమ్యూనిస్టు నాయకులు నలుగురు రహస్యంగా మాస్కో చేరి స్టాలిన్‌ని కలిశారు. డాంగే, అజయ్ ఘోష్, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. తెలంగాణ సాయుధ పోరాటాన్ని కొనసాగించాలా, ఆపాలా అన్నది వాళ్ళని వేధిస్తున్న ప్రశ్న. 1948 సెప్టెంబరులో నిజాం సైన్యం లొంగిపోయాక కూడా దళాలు ఆయుధాలు దించలేదు. ఎదురుగా ఉన్నది ఇప్పుడు భారత సైన్యం. గోదావరి అడవుల్లో దళాలకి తిండి అందకుండా చెయ్యడానికి కోయ గూడేల్ని ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టిన తీరుని సుందరయ్యగారు తన గ్రంథంలో వివరంగా రాశారు. స్టాలిన్‌తో జరిగిన ఆ సమావేశపు నమోదులు సోవియట్ యూనియన్ పతనం తర్వాత వెలుగు చూశాయి. స్టాలిన్ చెప్పిన దాని సారం ఇది: చైనా గెరిల్లాలకి మంచూరియాలో సోవియట్ సరిహద్దు వెన్నుదన్నుగా దొరికింది, భారతదేశంలో మీకు అలాంటిది లేదు, వెనక ఆసరా లేని గెరిల్లా ప్రాంతాన్ని శత్రువు చుట్టుముట్టి అణిచివేయగలడు.

ఆ మాట అన్న మనిషికి అది పుస్తకజ్ఞానం కాదు. అదే ఫిబ్రవరిలో లుక్షా లిథువేనియాలో భూమి కిందున్నాడు, జెమైతిస్ భూమి కిందున్నాడు. వాళ్ళని చుట్టుముట్టింది స్టాలిన్ సైన్యమే. వాళ్ళకి ఒక వైపు బాల్టిక్ సముద్రం, మిగతా మూడు వైపులా సోవియట్ అధికారమో దాని మిత్ర ప్రభుత్వమో. తెలంగాణ పోరాటాన్ని అదే సంవత్సరం అక్టోబరులో పార్టీ విరమించింది. ఆ రెండు పోరాటాల సిద్ధాంతాలు ఎదురెదురు ధ్రువాలు, ఎదుర్కొన్న రాజ్యాల తీరు కూడా ఒకటి కాదు. లిథువేనియాలో విరమించమని చెప్పే పార్టీ లేదు, విరమిస్తే నిలవనిచ్చే ఎన్నికల బరి లేదు. లొంగిపోయినవాడికి క్షమాభిక్ష పేరుతో దొరికింది వేగు ఉద్యోగమో జైలో. అందుకే అక్కడ యుద్ధం విరమణతో కాకుండా ఒక్కొక్క మనిషితో అంతమైంది.

అడవి అన్నల చేతుల్లో చనిపోయినవాళ్ళ గురించి కూడా రాయాలి. వాళ్ళ లెక్క వేలల్లో ఉంది. వేగు అన్న అనుమానం మీద చంపినవాళ్ళు, సమష్టి క్షేత్రం అధ్యక్షులు, జమీందారుల భూమి పంచితే తీసుకున్న బీదరైతులు, రష్యా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, కొన్నిచోట్ల వాళ్ళ పసిపిల్లలు కూడా. విచారణ జరిపి, సాక్ష్యం చూసి, పై అధికారి అనుమతితోనే శిక్ష వెయ్యాలని దళాల నిబంధన ఉంది. వేగులు అంతటా అల్లుకుపోయిన చోట ఆ నిబంధన నిలవలేదు. రొట్టె పెట్టిన చేతినే అనుమానించాల్సిన రోజు వచ్చాక ఏ గెరిల్లా ఉద్యమమూ తన న్యాయాన్ని పూర్తిగా కాపాడుకోలేదు. ఇది వాళ్ళ త్యాగాన్ని చిన్నబుచ్చడానికి అంటున్నది కాదు. చచ్చిపోయిన ఆ పిల్లలకి కూడా ఈ చరిత్రలో చోటుండాలి.

1951 డిసెంబరులో గుంతలో ఉండగానే జెమైతిస్‌కి పక్షవాతం వచ్చింది. ఒకపక్క చచ్చుబడిన మనిషిని సహచరులు ఏడాదిన్నర పాటు భూమి కిందే సాకారు. 1953 మే 30న గుంత ఆచూకీ తెలిసి, మత్తువాయువు గ్రెనేడ్ విసిరి ప్రాణాలతో పట్టుకున్నారు. స్టాలిన్ చనిపోయి అప్పటికి మూడు నెలలు కాలేదు. ఆయన్ని మాస్కో తీసుకెళ్ళారు. జూన్ 25న స్వయంగా సోవియట్ భద్రతా శాఖాధిపతి బేరియా ఎదుట కూర్చోబెట్టారు. మర్నాడే బేరియా అరెస్టయ్యాడు. జెమైతిస్‌ని 1954 నవంబరు 26న బుతిర్కా జైల్లో కాల్చి చంపారు. 2009లో లిథువేనియా పార్లమెంటు ఆయన్ని 1949 నుంచి 1954 దాకా దేశాధినేతగా గుర్తించింది.

చివరిదాకా మిగిలిన పెద్ద నాయకుడు అదోల్ఫాస్ రమనౌస్కాస్. అడవిలో పేరు ‘వనగాస్’, డేగ. అమెరికాలోని కనెక్టికట్‌లో 1918లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో స్వదేశానికి వచ్చాడు. అలితుస్‌లో కాబోయే టీచర్లకి పాఠాలు చెప్పేవాడు. 1945 ఏప్రిల్‌లో అడవికి వెళ్ళాడు. తన విద్యార్థిని, అప్పటికే అడవిలో ఉన్న బిరూతేని అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. దళాలు ఛిన్నాభిన్నమయ్యాక దంపతులు దొంగ కాగితాలతో తిరుగుతూ కాలం వెళ్ళదీశారు. ఆయన జ్ఞాపకాలు రాసి నమ్మకస్తుల దగ్గర దాచాడు. అవి నలభై ఏళ్ళ తర్వాత అచ్చయ్యాయి. 1956 అక్టోబరు 12న, పాత సహాధ్యాయి ఆచూకీ చెప్పడంతో, కౌనస్‌లో పట్టుకున్నారు. అదే రోజు ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. కంట్లో పొడిచిన గాయాలు, పొట్టలో గాయాలు, మర్మాంగాలు ధ్వంసమైన సంగతి డాక్టర్లు రాసిన కాగితాల్లో ఉన్నాయి. అది స్టాలిన్ కాలం కాదు. క్రుశ్చేవ్ స్టాలిన్ నేరాల్ని పార్టీ మహాసభలో ఎండగట్టి దాదాపు ఎనిమిది నెలలయింది. మరుసటి ఏడాది నవంబరు 29న కాల్చేశారు. బిరూతేకి ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. ఆయన అస్థికలు 2018లో విల్నియస్‌లోని ఒక శ్మశానంలో పేరులేని గోతిలో దొరికాయి. అక్టోబరు 6న రాజ్య లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

ఈ హత్యల మీద చర్చ కోర్టుకి కూడా చేరింది. అడవి అన్నల్ని చంపడం జాతి నిర్మూలన కిందికి వస్తుందా అన్న ప్రశ్న స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ముందు రెండుసార్లు నిలబడింది. 1953లో ఇద్దరు అడవి అన్నల హత్యలో పాల్గొన్నందుకు లిథువేనియా శిక్షించిన మాజీ అధికారి విషయంలో, నాటి అంతర్జాతీయ చట్టం ప్రకారం అది జాతి నిర్మూలన అవుతుందని అతను ఊహించగలిగేవాడు కాదంటూ 2015లో శిక్షని తప్పుపట్టింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకవైపు, ఎనిమిదిమంది ఇంకోవైపు. లిథువేనియా సుప్రీంకోర్టు వాదనని మరింత బలంగా పేర్చుకుంది: ఈ యోధులు జాతి మనుగడకే ఆధారమైన భాగం, వాళ్ళని తుడిచిపెట్టడం జాతిని తుడిచిపెట్టే ప్రయత్నంలో భాగం. రమనౌస్కాస్ దంపతుల అరెస్టులో పాల్గొన్న మరో మాజీ అధికారి కేసులో 2019 మార్చి 12న అదే న్యాయస్థానం ఆ వాదనని అంగీకరించి శిక్షని నిలబెట్టింది. అప్పటికి ఆ అరెస్టు జరిగి అరవై రెండేళ్ళు దాటింది. చరిత్రకారుల్లో ఆ తీర్పుని ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రాజకీయ ప్రత్యర్థుల్ని చంపడానికీ జాతిని చంపడానికీ తేడా ఉందన్నది వాళ్ళ అభ్యంతరం. నా మటుకు, పదివేలమంది పిల్లల్ని ఎక్కించుకుపోయిన 1948 మే నెల రైళ్ళని పక్కన పెట్టి ఆ ప్రశ్నకి జవాబు వెతకడం కుదరదనిపిస్తుంది.

వచ్చే భాగంలో ఎస్తోనియాకి వెళ్దాం. 1978లో, యుద్ధం ముగిసిన ముప్ఫై మూడేళ్ళకి, జాలర్ల వేషంలో వచ్చిన కేజీబీ మనుషులకి వోహందు నది ఒడ్డున ఎదురుపడిన ఆగస్ట్ సబ్బే కథ అది.

(సశేషం)